వెండ్‌లాండ్‌కి మారుతున్నాం, ల్యూహో-డానెన్‌బెర్గ్ జిల్లా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రాజోలు_రవి:

అందరికీ నమస్తే. మేము ఆరేళ్ళుగా హాంబుర్గ్‌లో ఉంటున్నాం. మా ఆవిడ నర్సు. తనకి డానెన్‌బెర్గ్‌లో ఉద్యోగం వచ్చింది, అక్టోబరు ఒకటిన చేరాలి. నాది ఇంటి నుంచి చేసే పని కాబట్టి నాకు ఎక్కడైనా ఒకటే, పాప ఒకటో తరగతి. మొన్న ఆదివారం ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. ల్యూనెబుర్గ్ దాటాక అడవి మొదలైంది, చాలాసేపు ఎదురుగా ఒక్క కారు కూడా రాలేదు.

ఇల్లు ఊళ్ళో కాదు, పక్కన పల్లెలో. ఆ పల్లెలోకి దారి ఒకటే. లోపలికి వెళ్తే మధ్యలో గడ్డి, మూడు పెద్ద ఓక్ చెట్లు, చుట్టూ గుండ్రంగా ఇళ్ళు, అన్నీ మధ్యకే ముఖం తిప్పి ఉన్నాయి. ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు. ఇంకో సంగతి, చాలా ఇళ్ళ గోడలకీ కంచెలకీ పసుపు రంగు వేసిన చెక్క ఇంటూ గుర్తులు కొట్టి ఉన్నాయి. మా ఆవిడ దిష్టికి కట్టారేమో అనుకుంది. ఇంటాయనని అడిగితే "అది పెద్ద కథ, మీరు వచ్చాక చెప్తా" అన్నాడు. తర్వాత ఫోన్లో వెతికితే అణు వ్యర్థాలు, గోర్లేబెన్ అని వచ్చింది, అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. పాపని తీసుకుని అక్కడికి వెళ్ళొచ్చా? ఆఫీసులు ఎక్కడ, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాలి, అసలు ఆ జిల్లా ఎలాంటిది? అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఎల్బె_ఒడ్డు:

రవి గారూ, నేను 2012 నుంచి అదే జిల్లాలో హిట్సాకర్ అనే ఊళ్ళో ఉంటున్నాను, వృద్ధాశ్రమంలో పని. ముందు ఒక్క మాట, నిశ్చింతగా రండి. మిగతావి ఒక్కొక్కటిగా చెప్తాను.

మీరు వస్తున్న జిల్లా పేరు ల్యూహో-డానెన్‌బెర్గ్, లోయర్ సాక్సనీ రాష్ట్రానికి తూర్పు కొస. జనం మాత్రం వెండ్‌లాండ్ అనే అంటారు. విస్తీర్ణం సుమారు 1,220 చదరపు కిలోమీటర్లు, జనాభా దాదాపు 49,000. జర్మనీలో ఉన్న 294 గ్రామీణ జిల్లాల్లో అందరికన్నా తక్కువ జనం ఉన్నది ఇదే. చదరపు కిలోమీటరుకి నలభై మంది అన్నమాట. మన దగ్గర ఒక మండలంలో ఉండేంత జనం ఇక్కడ జిల్లా అంతటా పరుచుకుని ఉన్నారు.

మ్యాపులో చూస్తే జిల్లా తూర్పు వైపుకి ముక్కులా పొడుచుకుని వచ్చినట్టుంటుంది. ఉత్తరాన, ఈశాన్యాన ఎల్బె నది. నది అవతల మెక్లెన్‌బుర్గ్, బ్రాండెన్‌బుర్గ్. దక్షిణాన, తూర్పున సాక్సనీ-అన్‌హాల్ట్. మన రాష్ట్రంతో కలిపి ఉన్నది పడమటి వైపే, ల్యూనెబుర్గ్, ఉల్‌ట్సెన్ జిల్లాలు. పడమట డ్రావేన్ అనే ఎత్తు నేల, దాని మీద అడవులు, అందులో ఎత్తైన గుట్ట 142 మీటర్లు. మధ్యలో యేట్సెల్ అనే చిన్న నది దక్షిణం నుంచి వచ్చి మా ఊరి దగ్గర ఎల్బెలో కలుస్తుంది. ఎల్బె పక్కన వరద మైదానాలు, కొంగలు, శీతాకాలంలో అడవి బాతులు. ఆ మైదానాన్ని 2002లో జీవావరణ రక్షిత ప్రాంతంగా చట్టం చేశారు. పంటల్లో బంగాళాదుంప ఎక్కువ. జిల్లాలో ఆటోబాన్ హైవే అంగుళం కూడా లేదు. ల్యూహో పట్నానికి ప్రయాణికుల రైలు 1970ల్లోనే ఆగిపోయింది. డానెన్‌బెర్గ్‌కి మాత్రం ల్యూనెబుర్గ్ నుంచి చిన్న రైలు ఉంది, రోజుకు కొన్నిసార్లే. కారు లేకపోతే కష్టం, ఇది దాచకుండా చెప్తున్నా.

కరీంనగర్_కృష్ణ:

అక్కా, మంచిగ చెప్పినవ్. నాకొక డౌట్. 49 వేల మందికి ఒక జిల్లానా? మరి ఆడ కలెక్టర్ లెక్క ఎవరుంటరు? ఆయన్ని ఎవరు వేస్తరు?

ఎల్బె_ఒడ్డు:

కృష్ణా, ఎవరూ వేయరు తమ్ముడూ, జనమే ఎన్నుకుంటారు. లాండ్‌రాట్ అంటారు. మన కలెక్టర్ ఐఏఎస్, ఎక్కడి నుంచో వచ్చి రెండేళ్ళకి ఇంకో జిల్లాకి బదిలీ అవుతాడు. ఇక్కడ అలా కాదు, ఓటు వేసినవాళ్ళ మధ్యే ఉండాలి, మార్కెట్‌లో కనిపిస్తారు, అక్కడే నిలబెట్టి అడుగుతారు. దాంతోపాటు క్రైస్‌టాగ్ అని జిల్లా సభ ఉంటుంది, అయిదేళ్ళకోసారి ఎన్నిక, బడ్జెట్ వాళ్ళే పాస్ చెయ్యాలి.

మనవాళ్ళు చాలామంది తికమకపడేది దీని కింద ఉన్న మెట్టు దగ్గర. జిల్లాలో 27 గ్రామ, పట్టణ సంఘాలు ఉన్నాయి. ప్రతి దానికీ ఆఫీసు పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి కొన్ని కలిసి ఒకే ఆఫీసు పెట్టుకుంటాయి. దాన్ని జాంట్‌గెమైండె అంటారు. ఇక్కడ అలాంటివి మూడు: ఎల్బ్‌టాలౌవె, ల్యూహో, గార్టో. ఇంతకు ముందు అయిదు ఉండేవి. 2006 నవంబరులో డానెన్‌బెర్గ్, హిట్సాకర్ కలిసి ఎల్బ్‌టాలౌవె అయింది, క్లెంట్సె వెళ్ళి ల్యూహోలో కలిసింది. గార్టో వాళ్ళు మాత్రం మేం కలవం అని విడిగా ఉండిపోయారు.

రవి గారూ, మీకు పనికొచ్చేది ఇది: ఇంటి అడ్రసు రిజిస్ట్రేషన్, కిండర్‌గార్టెన్, ప్రాథమిక బడి, ఫైర్ సర్వీసు ఇవన్నీ జాంట్‌గెమైండె పని, అంటే మీకు డానెన్‌బెర్గ్‌లోనే అయిపోతుంది. వీసా, కారు నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, ఇల్లు కట్టడానికి అనుమతి, పెద్ద బడులు, చెత్త, అంబులెన్స్ ఇవి జిల్లా పని, వాటికి ల్యూహో వెళ్ళాలి. నేను వచ్చిన కొత్తలో వీసా కాగితాలు పట్టుకుని తప్పు ఆఫీసుకి వెళ్ళి పొద్దంతా పోగొట్టుకున్నాను, ఆరోజు సెలవు కూడా పోయింది.

హనోవర్_హరి:

అక్క చెప్పిన దానికి ఒక ముక్క కలుపుతా. ఈ ఎన్నుకున్న లాండ్‌రాట్ పద్ధతి లోయర్ సాక్సనీలో మరీ పాతది కాదు. 1945 తర్వాత ఈ ప్రాంతం బ్రిటిష్ సైన్యం చేతిలో ఉంది, వాళ్ళు తమ దేశపు పద్ధతి తెచ్చి పెట్టారు. లాండ్‌రాట్ అంటే జీతం లేని రాజకీయ అధ్యక్షుడు, ఆఫీసు నడిపేది విడిగా ఒక జీతం అధికారి. ఒకే జిల్లాకి ఇద్దరు పెద్దలు. 1990ల మధ్యలో దాన్ని తీసేసి ఇద్దరి పనీ ఒకరికే ఇచ్చి నేరుగా ఎన్నిక పెట్టారు. మన జిల్లా పరిషత్ ఛైర్మన్‌నీ కలెక్టర్‌నీ ఒక్కరిలో కలిపి ఓటుకి నిలబెట్టినట్టు ఊహించుకో కృష్ణా.

జిల్లా చరిత్ర కూడా చూడండి. 1885లో ప్రష్యా పాలనలో ల్యూహో, డానెన్‌బెర్గ్ అని రెండు వేర్వేరు జిల్లాలు. 1932లో ఖర్చు తగ్గించడానికి రెండూ కలిపి డానెన్‌బెర్గ్ జిల్లా అన్నారు. 1951లో పేరు ల్యూహో-డానెన్‌బెర్గ్‌గా మార్చారు. ఆఫీసులు ల్యూహోలో, కారు నంబరు మీద మాత్రం డానెన్‌బెర్గ్ పేరులోంచి వచ్చిన డీ ఏ ఎన్. ఒక ఊరికి ఆఫీసు దక్కింది, ఇంకో ఊరికి నంబరు ప్లేటు దక్కింది. 1970ల్లో పశ్చిమ జర్మనీ అంతటా చిన్న జిల్లాల్ని కలిపేసి, 400 పైన ఉన్నవాటిని 240 లోపుకి తెచ్చారు. ఆ ఊపులో కూడా దీన్ని ముట్టుకోలేదు. మన దగ్గర ఇదంతా వెనక్కి నడుస్తుంది. తెలంగాణ 10 నుంచి 31, తర్వాత 33 అయింది, ఆంధ్ర 2022లో 13 నుంచి 26 అయింది. ఇక్కడ కలుపుకుంటూ పోతారు, అక్కడ విడగొట్టుకుంటూ పోతారు.

రాజోలు_రవి:

అందరికీ చాలా థాంక్స్. సగం టెన్షన్ తగ్గింది. ఆ గుండ్రటి ఊళ్ళ సంగతి ఎవరికైనా తెలుసా? ఊళ్ళ పేర్లు కూడా జర్మన్‌లా అనిపించలేదు. ఒక బోర్డు మీద "సాటెమిన్" అని ఉంది. ఇంకో చోట "క్రెమ్లిన్" అని చూసి ఆగి ఫోటో తీశాను!

పలక_బలపం:

రవి గారూ మీ కన్ను మంచిది. అవి జర్మన్ పేర్లు కావు, స్లావ్ పేర్లు. వెండ్‌లాండ్ అనే మాటలోనే ఉంది. జర్మన్లు తమ తూర్పున ఉండే స్లావ్ జనాన్ని వెండ్‌లు అనేవాళ్ళు, వాళ్ళ నేల కాబట్టి వెండ్‌లాండ్. చివర "ఓ", "ఇట్స్", "ఇన్" అని వచ్చే ఊళ్ళన్నీ ఆ సంతకమే. ల్యూహో, గార్టో రాసేటప్పుడు చివర డబ్ల్యు ఉంటుంది కానీ పలకరు. "ల్యూహోవ్" అంటే మీరు బయటివాళ్ళని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

గుండ్రటి ఊరిని రుండ్‌లింగ్ అంటారు. 12వ శతాబ్దం నాటి పద్ధతి, జర్మన్ ప్రభువుల కింద స్లావ్ రైతుల్ని కుదురుగా నిలిపినప్పుడు వచ్చిందని పండితులు చెప్తారు. నేను ల్యుబెల్న్‌లో ఉన్న రుండ్‌లింగ్ మ్యూజియం రెండుసార్లు చూశాను. ఇంటి ముఖం ఊరి మధ్యకి, వెనక దొడ్డి వెడల్పవుతూ బయటికి, పైనుంచి చూస్తే కోసిన పుచ్చకాయ ముక్కల్లా ఉంటుంది. మనుషులు, పశువులు, గడ్డి అన్నీ ఒకే పెద్ద కప్పు కింద. ముందు గోడ చెక్క దూలాల చట్రం, మధ్యలో బండి పట్టేంత వాకిలి. ఆ వాకిలి పైన అడ్డదూలం మీద ఇల్లు కట్టిన ఏడాది, భార్యాభర్తల పేర్లు, ఒక బైబిల్ వాక్యం చెక్కి ఉంటాయి. మీరు తీసుకునే ఇంటికి ఉందేమో చూడండి, ఉంటే చదివి ఇక్కడ పెట్టండి.

నన్ను కదిలించేది మాత్రం ఆ భాష. పొలాబియన్ అంటారు, ఎల్బె ఒడ్డున మాట్లాడిన స్లావ్ భాష. చుట్టుపక్కల ఎప్పుడో పోయింది, ఈ మూల మారుమూల కాబట్టి ఇక్కడ 18వ శతాబ్దం దాకా బతికింది. వుస్ట్రో ఊరి పాస్టర్ హెన్నిగ్ పదాలు పోగేసి నిఘంటువు రాశాడు. ఆయన పోగేసినవాటికన్నా నాకు ఒక రైతు రాసింది ఇష్టం. స్యూటెన్ అనే పల్లెలో యోహాన్ పారుమ్ షుల్ట్సె అని రైతు, ఊళ్ళో సత్రం కూడా నడిపేవాడు. 1725లో తన ఊరి సంగతులు రాస్తూ తన భాష మాటలు కూడా రాసి పెట్టాడు. అందులో అంటాడు, నేనూ మా ఊళ్ళో ఇంకో ముగ్గురూ పోయామంటే వెండ్ భాషలో కుక్కని ఏమంటారో సరిగ్గా తెలిసినవాడు ఎవడూ ఉండడు అని. అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు. పొలాల్లో పనిచేసి వచ్చి రాత్రి దీపం దగ్గర కూర్చుని, తన భాష పోతోందని తెలిసి, కుక్క అనే మాట గురించి దిగులుపడ్డ మనిషి. నేను తెలుగు చెప్పే పంతులుని, ఆ వాక్యం చదివిన రోజు వేరే పని చెయ్యలేకపోయాను.

ఆ భాషలో గురువారానికి పేరు "పెరున్ రోజు". పెరున్ అంటే వాళ్ళ పాత ఉరుముల దేవుడు. క్రైస్తవం వచ్చి వందల ఏళ్ళయినా వారం పేరులో ఆ దేవుడు మిగిలాడు. చివరిగా మాట్లాడిన ముసలావిడ 1756లో పోయిందని చర్చి రిజిస్టర్లో రాశారు. జర్మనీలో స్లావ్ భాష ఇంకా బతికున్నది తూర్పున లౌజిట్స్ ప్రాంతంలో సోర్బ్ అనే జనం దగ్గరే.

కరీంనగర్_కృష్ణ:

సార్, ఇది చదివి మా ఆదిలాబాద్ దిక్కు కొలామీ భాష యాదికొచ్చింది. మా దోస్తు వాళ్ళ తాత మాట్లాడుతడు, వానికి రాదు.

పలక_బలపం:

కృష్ణా, మీ దోస్తుకి చెప్పు, తాత దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చెయ్యమని. ఈ ఆదివారమే చెయ్యమను.

ఎల్బె_ఒడ్డు:

మాస్టారూ మీ పోస్టు మా ఆశ్రమంలో ఒక పెద్దావిడకి జర్మన్‌లో చెప్పాను, ఆవిడ స్యూటెన్ పక్క ఊరు. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రవి గారూ ఇక మీ పసుపు ఇంటూ గుర్తు. 1977 ఫిబ్రవరి 22న రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్బ్రెహ్ట్, దేశంలోని అణు వ్యర్థాలన్నిటికీ ఈ జిల్లాలోనే ఉన్న గోర్లేబెన్ అనే ఊరు చోటు అని ప్రకటించాడు. భూమి లోపల పెద్ద ఉప్పు గుట్ట ఉంది, దాంట్లో పాతిపెట్టొచ్చు అని, పైన వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీ కూడా అని. జనం తక్కువ, మూడు వైపులా తూర్పు జర్మనీ సరిహద్దు, ఎవరు అడుగుతారు అనుకున్నారని ఇక్కడి వాళ్ళ నమ్మకం. అడిగారు. 1979 మార్చిలో రైతులు ట్రాక్టర్లు వేసుకుని హనోవర్ దాకా వారం రోజులు నడిచారు, చేరేసరికి సుమారు లక్ష మంది అయ్యారు. ఆ వారమే అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. మే నెలలో ఆల్బ్రెహ్ట్ శుద్ధి ఫ్యాక్టరీ రాజకీయంగా సాధ్యం కాదని వెనక్కి తగ్గాడు. ఉప్పు గని పని మాత్రం ఆగలేదు. 1980 మే 3న 1004 నంబరు బోరు వేసే చోట వేల మంది వెళ్ళి చెక్కతో గుడిసెల ఊరు కట్టారు, స్వేచ్ఛా వెండ్‌లాండ్ రిపబ్లిక్ అని పేరు పెట్టారు, పాస్‌పోర్టులు ఇచ్చారు, సొంత రేడియో నడిపారు. తర్వాత చాన్సలర్ అయిన ష్రోడర్ కూడా అప్పుడు వచ్చి వెళ్ళాడు. 33 రోజులు. జూన్ 4న పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు.

1995 నుంచి కాస్టర్ బండ్లు వచ్చాయి. కాస్టర్ అంటే వ్యర్థాలు పెట్టిన ఇనుప పీపా, ఒక్కోటి వంద టన్నుల పైన. డానెన్‌బెర్గ్ దాకా రైల్లో వచ్చేవి, అక్కడ క్రేన్‌తో లారీల మీదకి ఎక్కించి ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద గోర్లేబెన్‌కి. ఏ రోజు వస్తాయో ముందు తెలియదు, అందుకని దాన్ని "ఎక్స్ రోజు" అన్నారు. మీరు చూసిన గుర్తు అదే. గోడకి కొట్టారంటే, ఆ రోజున మేం రోడ్డు మీద ఉంటాం అని మాట ఇచ్చినట్టు. మొత్తం పదమూడుసార్లు వచ్చాయి, చివరిది 2011 నవంబరులో, ఫ్రాన్స్ నుంచి ఇక్కడికి చేరడానికి అయిదు రోజుల పైన పట్టింది. నేను ఆ తర్వాతి ఏడాది వచ్చాను కాబట్టి చూడలేదు. కానీ మా పై ఇంట్లో ఉండే ఆమె, ఇప్పుడు డెబ్బై దాటాయి, నవంబరు చలిలో పట్టాల మీద రాత్రంతా గడ్డి పరుచుకుని కూర్చున్నానని, పొద్దున్నే ఎవరో కుండ నిండా బంగాళాదుంప సూప్ తెచ్చారని చెప్తుంది. ఆ సూప్ తెచ్చినావిడ ఎవరో ఇప్పటికీ తెలియదట.

యంత్రం_మనిషి:

నేను ఎర్లాంగెన్‌లో విద్యుత్ రంగంలో పనిచేస్తాను, రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఒకప్పుడు జర్మనీ కరెంటులో మూడో వంతు దాకా అణు విద్యుత్తే. 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లు ఆపేశారు, కానీ వ్యర్థాలు మిగిలాయి. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ప్రతి జిల్లా మా దగ్గర వద్దు అంటే ఎలా? ఆ పీపాలు చాలా గట్టివి, ఎత్తు నుంచి పడేసి, మంటల్లో పెట్టి పరీక్షిస్తారు. పాప గురించి రవి గారు భయపడాల్సిన పని లేదు అని ఇంజనీరుగా చెప్తున్నాను. ఆందోళన వల్ల పోలీసులకి అయిన ఖర్చు కూడా ప్రజల డబ్బే.

హనోవర్_హరి:

అన్నా, పీపాల మాట ఒప్పుకుంటా. కానీ అసలు గొడవ పీపాలది కాదు, ఉప్పు గుట్టది. పైన మట్టి పొర నీటిని లోపలికి రానివ్వకూడదు. గోర్లేబెన్‌లో మంచుయుగపు నీటి కాలువ ఒకటి ఆ మట్టిని కోసేసింది, కొన్నిచోట్ల భూగర్భ జలం ఉప్పుని తాకుతోంది. ఇది 1980ల్లోనే భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పారు. అయినా 840 మీటర్ల లోతుకి గని తవ్వారు, సుమారు 160 కోట్ల యూరోలు పోశారు. ఇలాంటి ఉప్పు గనే ఇంకోటి వోల్ఫెన్‌బ్యుట్టెల్ దగ్గర ఆస్సెలో ఉంది, అందులో లక్షకు పైగా వ్యర్థాల డ్రమ్ములు పడేశారు, ఇప్పుడు రోజూ ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి, బయటికి తియ్యాలని చట్టమే చేశారు. గోర్లేబెన్ జనం ఆస్సె చూసి భయపడ్డారంటే తప్పేముంది?

2020 సెప్టెంబరు 28న కొత్త చట్టం కింద దేశమంతా పరిశీలించి, వ్యర్థాలు పాతడానికి పనికిరావచ్చు అనుకున్న చోట్ల మొదటి జాబితా ఇచ్చారు. తొంభై ప్రాంతాలు, దేశంలో 54 శాతం నేల. అందులో గోర్లేబెన్ లేదు. నలభై మూడేళ్ళ తర్వాత భూగర్భ శాస్త్రం చెప్పింది, అక్కడి రైతులు చెప్పింది ఒక్కటే అయింది. తవ్వి పైన పోసిన ఉప్పుని మళ్ళీ అదే గనిలో నింపుతున్నారు.

ఎల్బె_ఒడ్డు:

హరి చెప్పింది నిజం, కానీ ఒకటి దాచకూడదు. 113 పీపాలు ఇంకా గోర్లేబెన్ షెడ్డులోనే ఉన్నాయి. అది తాత్కాలిక నిల్వ, లైసెన్సు 2034 దాకా. చివరి చోటు ఎక్కడో ఇంకా తేలలేదు కాబట్టి 2034 తర్వాత ఏమిటి అన్నది ఇప్పుడు జిల్లాలో అసలు ప్రశ్న. అందుకే గుర్తులు పీకెయ్యలేదు రవి గారూ.

ఇంకోటి, జిల్లా అంతా ఒకే మాట మీద ఉందనుకోకండి. గోర్లేబెన్ డబ్బు అని జిల్లాకీ గార్టోకీ వచ్చేది, దాంతో ఈత కొలను, రోడ్లు వచ్చాయి, గనిలో ఉద్యోగాలు వచ్చాయి. ఒకే ఇంట్లో అన్న గనిలో పని, తమ్ముడు ట్రాక్టర్ మీద. అలాంటి ఇళ్ళల్లో కొన్ని ఇప్పటికీ మాట్లాడుకోవు. కొత్తగా వచ్చాక మొదటి ఏడాది ఈ విషయం మీద మీరు తీర్పు చెప్పకండి, వినండి చాలు.

అచ్చంపేట_అరుణ:

నేను మామూలుగా చదివి ఊరుకుంటాను, ఇవాళ రాయాలనిపించింది. మాది నల్లమల అంచు. 2019లో యురేనియం తవ్వకాలంటే అమ్రాబాద్ వైపు ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి, సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అప్పుడు మా చిన్నాన్న అన్న మాట, "జనం తక్కువున్న చోటే వీళ్ళకి గుర్తొస్తది" అని. ఆ ట్రాక్టర్ రైతుల కథ ఆయనకి చదివి వినిపిస్తాను.

యంత్రం_మనిషి:

అరుణ గారూ, హరీ, చదివాను. భూగర్భ శాస్త్రం విషయంలో మీరు చెప్పింది కరెక్టే, చోటు ఎంపిక ముందు, పరిశీలన తర్వాత అన్నట్టు జరిగింది, అది తప్పు. చోటు కావాలన్న నా మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను.

ష్వెరిన్_శ్రీ:

నేను నదికి అవతలి ఒడ్డు, ఒకప్పటి తూర్పు జర్మనీ. ఈ జిల్లా సంగతి సరిహద్దు లేకుండా అర్థం కాదు, అందుకే రాస్తున్నా. నలభై ఏళ్ళు ఎల్బె మధ్యలో దేశాలు విడిపోయాయి. డ్యోమిట్స్ దగ్గర రైలు వంతెన 1873లో పూర్తయింది, దాదాపు కిలోమీటరు పొడవు. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ విమానాలు బాంబులు వేసి కూల్చేశాయి, మళ్ళీ కట్టలేదు. పడమటి ఒడ్డున తోరణాలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి, నది దాకా వచ్చి ఆగిపోతాయి. చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది. రోడ్డు వంతెన కూడా అప్పుడే పోయింది, కొత్తది తెరిచింది 1992 చివర. అంటే బెర్లిన్ గోడ కూలి మూడేళ్ళ దాకా పడవే దిక్కు. ఇప్పటికీ పేవెస్టోర్ఫ్ వైపు నుంచి లెంట్సెన్‌కి కారుతో సహా పడవ మీద దాటొచ్చు. పాపకి బాగా నచ్చుతుంది రవి గారూ.

సరిహద్దు ప్రాంతమని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం రాయితీలు ఇచ్చేది, వాటితోనే బేరింగుల ఫ్యాక్టరీ, రబ్బరు ఫ్యాక్టరీ లాంటివి వచ్చాయి. 1990 తర్వాత దేశం మధ్యలోకి వచ్చేశాం అని సంబరపడేలోపే రాయితీలు ఆగిపోయాయి. ష్నాకెన్‌బుర్గ్ వెళ్ళండి, పట్నం హోదా ఉన్న చిన్న ఊరు, అక్కడ సరిహద్దు మ్యూజియం ఉంది. ముళ్ళ కంచె ఉన్న పట్టీ ఇప్పుడు పచ్చగా చెట్లు, పక్షులు.

కృష్ణా జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి ఇంకోటి అడుగుతా, అక్కా, వరదలు ఎలా ఉంటాయి?

ఎల్బె_ఒడ్డు:

శ్రీ గారూ, 2002లో, 2006లో హిట్సాకర్ పాత పట్నం మునిగింది. తర్వాత గోడ కట్టి 2008లో పూర్తి చేశారు. 2013 జూన్‌లో నీళ్ళు వచ్చినప్పుడు నేనున్నాను. గోడ నిలబడింది, కానీ కట్టలు బలహీనంగా ఉన్నచోట ఇసుక బస్తాలు వెయ్యాలి. డ్యూటీ అయ్యాక నేనూ వెళ్ళాను. ఒకరు పార పట్టాలి, ఒకరు బస్తా మూతి తెరిచి పట్టుకోవాలి, పూర్తిగా నింపకూడదు, మూడింట రెండు వంతులే, లేకపోతే కట్ట మీద సరిగ్గా పడుకోదు. నాకు ఎదురుగా పార పట్టింది ఒక సైనికుడు, ఇరవై ఏళ్ళ పిల్లాడు. మూడు గంటలు ఒక్క మాట మాట్లాడుకోలేదు. నా జర్మన్ అప్పటికి అంతంత మాత్రం. ఆ రాత్రి తర్వాతే ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

హనోవర్_హరి:

రవి గారికి రెండు పనికొచ్చే ముక్కలు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి. క్లాసులు తప్పనిసరి కాదు కానీ నాలుగైదు తీసుకోండి. మీరు హాంబుర్గ్‌లో ఆరేళ్ళుగా ఉన్నారు కాబట్టి, మీకింకా జర్మన్ లైసెన్సు లేకపోతే ముందు ఆ పని చూడండి, అక్కడ బస్సులు ఎక్కువగా బడి వేళల్నే నమ్ముకుని నడుస్తాయి. రెండోది, జిల్లా ఎన్నికల్లో యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్ళు ఓటు వెయ్యొచ్చు, మనం వెయ్యలేం, పౌరసత్వం తీసుకుంటేనే. ఊరి ఫైర్ బృందంలో మాత్రం ఎవరైనా చేరొచ్చు. పల్లెల్లో మనుషులు దగ్గరయ్యే చోటు అదే.

రాజోలు_రవి:

నెల తర్వాత రాస్తున్నా, క్షమించండి. మారిపోయాం. రిజిస్ట్రేషన్ డానెన్‌బెర్గ్‌లో పావుగంటలో అయింది, వీసా కాగితాలకి ల్యూహో వెళ్ళాను, అక్క చెప్పకపోతే నేనూ తప్పు ఆఫీసుకే వెళ్ళేవాణ్ణి. లైసెన్సు నాకుంది, మా ఆవిడ ఇప్పుడు నేర్చుకుంటోంది.

పలక_బలపం గారూ, వాకిలి పైన దూలం మీద రాత ఉంది. 1846 అని, పక్కన ఇద్దరి పేర్లు, కింద వాక్యం సగం చెరిగిపోయింది. ఇంటాయన నిచ్చెన తెచ్చి పాపని ఎక్కించి ఒక్కొక్క అక్షరం వేలితో తడిమించాడు. ఆయన కథ కూడా చెప్పాడు, 1979లో ఆయనకి పదకొండేళ్ళు, వాళ్ళ నాన్న ట్రాక్టర్ వెనక ట్రెయిలర్లో కూర్చుని హనోవర్ వెళ్ళాడట, దారిలో ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు రొట్టె ఇచ్చేవాళ్ళట.

కంచె మీది గుర్తు రంగు పోయింది. మొన్న శనివారం ఆయన పసుపు రంగు డబ్బా తెచ్చి మళ్ళీ వేస్తుంటే పాప కూడా ఒక బ్రష్ అడిగింది. ఇచ్చాడు. గౌను పాడైంది, ఆ మరక పోవట్లేదు.